ఆ మంచు ఫోటో నాది కాదు

సూర్యాపేటలో ఒక స్టూడియో అద్దాల వెనక చాలాకాలం ఒక నలుపు తెలుపు ఫోటో ఉండేది. నడిగూడెం దగ్గరి కాలువ గట్టు, మంచులో సగం మాయమైన ఎడ్లబండి. దాన్ని తీసింది నేనని, నా స్నేహితుడు కాజేశాడని ఎంతోమందికి చెప్పాను. అది నిజం కాదు.

ఎనభైల చివర్లో అతను ఆ స్టూడియోలోనే రీళ్ళు కడిగేవాడు. నేను కొత్తగా బడిపంతులునయ్యాను. చలికాలం ఆదివారాల్లో పొద్దున్నే అతని స్కూటరు మీద మంచు ఫోటోలకు వెళ్ళేవాళ్ళం. ఎవరి కెమెరా వాళ్ళది.

ఆ రోజు నేను ముప్పై ఆరు ఫోటోల రీలును గబగబా కొట్టుకుంటూ పోయాను. అప్పటికి అతను నాలుగో ఐదో తీశాడు.

"గంతేనా?" అన్నాను.

"నేను సూస్తున్న. నువ్వు కొట్టు, మంచు ఉరికిపోతదని నీకు పరేషానాయె" అని నవ్వాడు.

ఎడ్లబండి వచ్చినప్పుడు ఇద్దరం పక్కపక్కనే నిలబడి నొక్కాం. తిరిగొచ్చాక నా రీలు అడిగి జేబులో వేసుకున్నాడు. మర్నాడు నా చేతిలో పెట్టిన నెగెటివ్ మీద ఒక్క బొమ్మా లేదు.

"కెమెరా లోపలి చక్రం పళ్ళకు రీలు పట్టలేదు రా. రీలు తిరగనే లేదు."

"నంబరు ముప్పై ఆరు దాకా పోయింది గదా?"

"నంబరుదేముంది, లీవర్ గుంజితే అదే పోతది."

నేను నమ్మలేదు. వారం తిరక్కుండా ఆ బండి స్టూడియో అద్దాల్లోకి ఎక్కింది. నేను చూసిన చోటు, నేను చూసిన కోణం. నా రీలు దాచుకుని ఖాళీది ఇచ్చాడనుకున్నాను. అతని నవ్వు, రీలు జేబులో వేసుకున్న తీరు, అన్నీ నాకు సాక్ష్యాలే అయ్యాయి. అతన్ని ఒక్క మాటా అడగలేదు. నేరుగా యజమాని దగ్గరికి వెళ్ళి, అతను నా రీలు కాజేశాడని చెప్పాను.

"నా రీలుకే గిట్లయితే, పెండ్లి రీళ్ళు ఇచ్చేటోళ్ళ సంగతేందన్నా?"

గిరాకీ పోతుందని ఆయన భయపడ్డాడు. నెలలోపే అతన్ని పనిలోంచి తీసేశాడు. అతను మిర్యాలగూడ వెళ్ళి రైసుమిల్లులో చేరాడు.

తొంభైల్లో నాకు కోదాడ బదిలీ అయింది. ఒకరోజు దుకాణంలో కెమెరాకు రీలు ఎక్కిస్తుంటే అక్కడాయన నా చెయ్యి ఆపాడు.

"కొస అంత కొంచెం లాగి మూసేస్తే ఎట్లా మాస్టారూ? లోపల రీలు కదిలితే పైన ఈ గుండీ కూడా తిరగాలి, తిరగట్లేదు చూడండి. రీలు పట్టలేదు."

రీలు కొసను వీలైనంత తక్కువ లాగి తగిలిస్తే ముప్పై ఆరుకు బదులు ముప్పై ఎనిమిది ఫోటోలు వచ్చేవి. ఆ పిసినారి అలవాటు ఆ రోజుల్లో మాలాంటి వాళ్ళందరికీ ఉండేది. నడిగూడెం వెళ్ళిన రోజు కూడా నేను చేసింది అదే.

తెలిశాక కూడా మూడేళ్ళు కదల్లేదు. చివరికి మిర్యాలగూడ వెళ్ళి, మిల్లు గేటు దగ్గర అతనికి అంతా చెప్పాను. తలకు కట్టిన తువ్వాలు విప్పి తవుడు దులుపుకున్నాడు.

"నేను దొంగను గానని నాకు చెప్పవడితివా? నాకెరుక లేదా?" అన్నాడు. "పోయి గా స్టూడియో ఆయనకు చెప్పు. నా పెండ్లాం ముంగట పొమ్మన్నడు నన్ను."

ఆ రోజే సూర్యాపేట బస్సెక్కాను. స్టూడియో ఉన్నచోట మందుల దుకాణం ఉంది. యజమాని పోయి ఏడాది దాటిందన్నారు.

నేను అప్పట్లో ఎవరెవరితో అన్నానో, వాళ్ళలో దొరికినవాళ్ళకు చెప్పాను. ఒకాయన "ఇప్పుడెందుకు సార్ గదంత?" అన్నాడు. దొరకనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఎడ్లబండి ఫోటో అతను తీసిందే. నా రీలు ఆ రోజు కెమెరాలో కదలనే లేదు.