సీడ్ పత్తి సాళ్లలో కంటి పరీక్ష

షుగరు నా కుడికన్నును పూర్తిగా తీసుకుంది. ఎడమకన్ను వెనక పొరకు ఆపరేషన్ చేసిన డాక్టరు, "ఉన్న చూపు నిలబెట్టుకుంటే అదే గొప్ప. ఏడాదికోసారి వచ్చి చూపించుకో" అన్నాడు. ఆరేళ్లయింది. దవాఖానలో ఏడాదికొక పరీక్ష, ధరూర్ దగ్గర మా అరెకరం సీడ్ పత్తిలో రోజుకొకటి. అక్కడ పరీక్ష పెట్టేది నా భార్య.

మధ్యాహ్నం నేను ఆడమొక్కల మొగ్గల రేకులు, కేసరాలు గిల్లుతాను. మరునాడు పొద్దున వాటికి మగపూల పుప్పొడి రుద్దాలి. గిల్లకుండా వదిలేసిన మొగ్గ తెల్లారేసరికి తెల్లగా విచ్చుకుంటుంది. దాన్ని తెంపకపోతే దాని పుప్పొడే దానికి అంటి విత్తనం కల్తీ అవుతుంది. వాటిని ఏరేది ఆమె. మొదటి ఏడాది రోజూ ఒడినిండా పూలు తెచ్చి నా ముందు పోసేది. "కండ్లు నెత్తికెక్కినయా?" అనేది. తర్వాత ఆ పూలు ఏటికేడు తగ్గుతూ వచ్చాయి.

ఈ ఏడు ఒక్క పువ్వూ తేలేదు. "ఏం లెవ్వు" అనేది రోజూ. చాయ్ హోటల్లో నా కన్ను బాగుపడిందని అందరికీ చెప్పాను. అడగనివాళ్లకు కూడా చెప్పాను.

ఒక పొద్దున ఆమె ఏరడం అయిపోయిందన్న సాళ్లలోకి దిగాను. అడుగడుగునా తెల్లపూలు. నాకు ఒళ్లు మండింది. నా మనసు నొప్పించడం ఇష్టంలేక ఇన్నాళ్లూ అబద్ధం చెప్పిందనుకున్నాను. కేకేసి పిలిచాను.

"ఏమే, నన్ను పిచ్చోణ్ని చేస్తున్నవా? గివేంది?"

"ఏవి?"

"గివే, పూలు!"

"ఏడున్నయయ్యా? జర సక్కగ చెప్పు."

పువ్వు ఆమె మోచేతికి తగులుతోంది.

ఆమెకూ షుగరే. ఆరేళ్లుగా నా ఫైలు పట్టుకుని నా వెంట దవాఖానకు తిరిగింది. ఆమె కళ్లు కూడా చూపిద్దామని నాకు ఒక్కసారీ తోచలేదు. అడిగితే, "ఎండకు జర మసక మసక ఉంటది, అంతే" అంది. సిగ్గుతో చచ్చిపోయాను.

మరునాడే బస్సెక్కాం. నర్సు అలవాటుకొద్దీ చుక్కల మందుతో నా దగ్గరికే వచ్చింది. "నాకు కాదమ్మా, ఈమెకు" అన్నాను. డాక్టరు ఆమె రెండు కళ్లూ చూసి, "ఇన్ని రోజులు ఏం చేసిన్రు?" అని నన్ను అడిగాడు. ఆపరేషన్ పడుతుందన్నాడు. చూపు ఎంత వస్తుందో చెప్పలేనన్నాడు.

బయట బెంచీ మీద ఆమె కళ్లు మూసుకుని కూర్చుంది.

"నిజం చెప్పు. నిన్న నేను ఎన్ని ఇడిసిపెట్టిన?"

మూడు సాళ్లలోనే ముప్పై నాలుగు తెంపాను.

"రెండు" అన్నాను.