యూసుఫ్‌కు చెప్పని ముత్తాత

మా ముత్తాత సంగతి యూసుఫ్‌కు ఆ రోజే చెప్పాల్సింది. చెప్పలేదు.

సౌదీలోని రాబిగ్ రిఫైనరీలో నాతోపాటు పనిచేసే వెల్డర్ యూసుఫ్, తుర్కీవాడు. ఇద్దరం వ్యానులో ఎడారిలోని అల్ ఉలా ఊరికి వెళ్తుంటే దారంతా మొదటి ప్రపంచయుద్ధమే చెప్పాడు. ఎవరో యువరాజును కాల్చడం, ఒప్పందాల పేరుతో దేశాలన్నీ వరసగా దిగడం, తుర్కీ జర్మనీ వైపు చేరడం. నాకు తల వాచిపోయింది. కళ్లు మూస్తే, "పడుకోకు, యుద్ధం ఇంకా రెండో ఏడాదిలోనే ఉంది!" అని తట్టి లేపాడు.

అప్పట్లో తుర్కీవాళ్లు కట్టిన, ఇప్పుడు పాడుబడ్డ రైలు స్టేషన్ దగ్గర వ్యాను ఆపించాడు. "ఈ పట్టాలకు కాపలా వచ్చిన మా ముత్తాత తిరిగి రాలేదు. మీవాళ్లెవరైనా మా మీదికి వచ్చారా?"

ఇంకో గంట పాఠం వినే ఓపిక లేక, "మాకేం సంబంధం భాయ్? మీ లొల్లి మీది" అన్నాను.

"అయితే నువ్వూ చేతులు చాపు. ఆ గొడవలో లేనివాడి దువా వాళ్లకు కావాలి."

నమాజు తెలియని నన్ను, చనిపోయినవాళ్ల కోసం చేసే ఆ ప్రార్థనకు పిలుస్తాడనుకోలేదు. సిగ్గులేకుండా చాపాను.

మొన్న అతను ఉద్యోగం మానేసి ఫైనల్ ఎగ్జిట్ వీసా మీద ఇక తిరిగి రాకుండా సొంత దేశానికి వెళ్లిపోతుంటే, నాకొచ్చిన అరబిక్‌లో చెప్పాను: "యూసుఫ్ భాయ్, నీతోని అబద్ధమాడిన. మా ముత్తాత నిజాం దళంల గుర్రాలు చూసెటోడు. ఇంగ్లీషోళ్ల దిక్కు నుంచి మీవాళ్ల మీదికే పోయిండు. నన్ను మాఫ్ చెయ్యి."