కిటికీలోంచి వేయండి

మా పత్రిక మొదటి సంచికలో పాఠకుల ఉత్తరాలకి ఒక పేజీ పెట్టుకున్నాం. పేజీ ఉంది, పాఠకులే లేరు. ఇంకా పుట్టని పత్రికకి ఉత్తరాలు ఎవడు రాస్తాడు? “మీరే రాసెయ్యండి అక్కయ్యా” అన్నాడు సంపాదకుడు, అదేదో టీ కలిపినంత తేలిగ్గా. మా ప్రూఫ్ రీడరుకి ఆ రోజు నుంచి ఉత్తరాలక్కయ్య అని పేరు. పెట్టింది నేనే.

ఆవిడకి యాభై ఆరేళ్ళు. ముప్ఫై ఏళ్ళుగా పరాయివాళ్ళ తప్పులు దిద్దుతూ బతికింది. మొదట పాఠ్యపుస్తకాలు, తర్వాత మందు సీసాలతో ఇచ్చే కాగితాలు, ఆఖరికి మా ఆఫీసు. ఒక్కర్తే ఒక మేడగదిలో ఉండేది. తనవాళ్ళ గురించి అడిగితే పెన్సిలు చెక్కుకుంటూ కూర్చునేది. నేను పేజీలు అమర్చేవాణ్ణి, నాకు ముక్కు మీదే కోపం. ఒక్క కామా కోసం ఆవిడ పేజీ అంతా కదిలిస్తే, రోజుకి పదిసార్లు ఉద్యోగం మానేస్తానని లేచేవాణ్ణి.

“మానేద్దువుగానిలే తమ్ముడూ, ఈ కామా పెట్టేసి వెళ్ళు” అనేది.

ఎనిమిది ఉత్తరాలూ ఒక్క పూటలో రాసిచ్చింది. మొండి కొడుకు, రాలే జుట్టు, పలకరించని ఆడపడుచు, అలాంటివే ఏడు. ఎనిమిదోది చదివి నేను టీ గ్లాసు కింద పెట్టేశాను. ‘మా ఆయన పనికి వెళ్తూ తలుపు మూసి, బయట తలుపుకీ గడపకీ మధ్య ఒక దారం అంటించి వెళ్తారు. తాళం వేయరు. సాయంత్రం వచ్చి ముందు దారాన్ని చూస్తారు, తర్వాత నన్ను. తెగి ఉంటే ఏం జరుగుతుందో రాయలేను. నేనేం చెయ్యాలి?’

“ఇంత కల్పన ఎక్కడ దాచావు అక్కయ్యా?” అన్నాను.

“పేజీలో పడుతుందా లేదా, అది చూడు” అంది.

ముందస్తు చందా కార్డులు చూసి చిరునామాలు రాసే పని కూడా నా నెత్తినే పడింది. ఒక కార్డు అడుగున చిన్న అక్షరాలతో ఇలా ఉంది: ‘పత్రికని తలుపు సందులోంచి తొయ్యకండి. పక్క కిటికీలోంచి వేయండి.’ మహారాణీగారి ఆజ్ఞ అయింది అంటూ అందరికీ చదివి వినిపించాను. అందరం నవ్వుకున్నాం. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

సంచిక వెళ్ళిన తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఒకాయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెత్తని గొంతు. సరిగ్గా ఆ పేజీ దగ్గర మడిచిన మా పత్రికని బల్ల మీద పెట్టాడు.

“ఈ ఎనిమిదో ఉత్తరం అసలు కాగితం చూడాలండి. మా ఆవిడ రాసింది.”

పాఠకుల వివరాలు బయటపెట్టం అన్నాడు సంపాదకుడు. ఆయన కదల్లేదు. సంపాదకుడు అక్కయ్య వైపు వంగి గొణిగాడు: “మనమే రాసుకున్నామని తెలిస్తే పత్రిక మూసుకోవాల్సిందే. నోరు మెదపకండి.”

అక్కయ్య లేచి ఫైల్లోంచి ఆ కాగితం తీసి ఆయన ముందు పెట్టింది.

“నేనే రాశానండి. మీ ఆవిడకి దీంతో ఏ సంబంధమూ లేదు. కావాలంటే మీ ఎదురుగా మళ్ళీ రాస్తాను.”

రాసింది కూడా. ఆయన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని ఓపిగ్గా పోల్చి చూశాడు.

“అక్షరం మీదే. మరి దారం సంగతి మీకెలా తెలుసు?”

“అది మా ఇంటి దారం. నా మొగుడు అంటించేవాడు. ఆరేళ్ళు చూశాను. ఒకరోజు తెంపేసి, చెప్పులైనా వేసుకోకుండా వచ్చేశాను.”

ముప్ఫై ఏళ్ళు కడుపులో దాచుకున్న మాట, ముక్కూ మొహం తెలియని ఆడమనిషి కోసం బయటపెట్టింది. ఆయన మాత్రం చిన్నగా నవ్వాడు.

“బాగా అల్లారు. అంటే తను మీ దగ్గరికి వచ్చి చెప్పుకుందన్నమాట. ఏ రోజు వచ్చింది?”

“రాలేదు బాబూ. ఆవిడెవరో కూడా నాకు తెలీదు.”

“ఫర్వాలేదండి. డ్యూటీ అయ్యాక ఇంటికెళ్ళి తననే అడుగుతాను.”

కుర్చీని ఎక్కడిదక్కడ సర్ది, స్కూటరెక్కి వెళ్ళిపోయాడు.

అక్కయ్య బల్ల పట్టుకుని నిలబడిపోయింది. “నిజం చెప్పి ఆ పిల్లని ఇంకా ఇరికించాను తమ్ముడూ. ఆయన పేరైనా అడగలేదు, ఎక్కడని వెతుకుతాం?”

అప్పుడు గుర్తొచ్చింది నాకు. తలుపు సందులోంచి తొయ్యకండి. తోస్తే పత్రిక తగిలి దారం తెగుతుంది. చందా కార్డుల పెట్టెలన్నీ నేల మీద బోర్లించాం. సంపాదకుడు ఏదో అనబోతే కసిరాను. గంట వెతికితే దొరికింది ఆ కార్డు.

మేం వెళ్ళేసరికి అయిదు కావస్తోంది. ఇరుకు సందు, చివర ఒంటి గది ఇల్లు, పక్కన కిటికీ. తలుపు అడుగున తెల్లటి దారం తెగకుండా ఉంది. ఇంకా రాలేదన్నమాట. అక్కయ్య వంగి, పట్టుకుని లాగింది. టప్పున తెగింది.

“అమ్మాయ్, తలుపు తియ్యి.”

చాలాసేపటికి తలుపు జానెడు తెరుచుకుంది. ఆ పిల్ల ముందు మమ్మల్ని చూడలేదు, నేల చూసింది.

“తెంపేశారాండీ?”

“నేనే తెంపాను. ఆయనకీ అదే చెప్తాను.”

“చెప్తే నమ్ముతారా?”

సందు మొదట్లో స్కూటరు చప్పుడు వినిపించింది. ఆ పిల్ల గోడ వారగా ఉన్న చెప్పుల కోసం వెనక్కి తిరిగింది.

“చెప్పులు వద్దు. రా” అని అక్కయ్య చెయ్యి చాపింది.