పాట ఆగితే లేవాలి

గుండీలక్క అసలు పేరు మా వీధిలో చాలామందికి తెలియదు. మూడు దర్జీ దుకాణాల చొక్కాలు ఆమె ఇంటికి వస్తాయి. కాజాలు కుట్టి, గుండీలు వేసి, దారపు కొసలు కత్తిరించి, మడతపెట్టి పంపుతుంది. మిషను కాజాలు వచ్చి ఏళ్ళయింది గాని, నాలుగు ఉతుకులకే అవి నోరు తెరుస్తాయని ఆ మూడు దుకాణాలవాళ్ళూ ఇంకా ఆమె చేతినే నమ్ముకున్నారు. ముందుగదిలో కిటికీ పక్కన ఒక పీట, పీట పక్కన చొక్కాల కట్ట, గోడ వారన ఒక స్పీకరు. ఆమెకు పగలంతా అక్కడే గడుస్తుంది.

లోపలిగదిలో మంచం మీద ఆమె భర్త ఉంటాడు. ఇరవై మూడేళ్ళు సినిమా హాల్లో ప్రొజెక్టరు నడిపిన మనిషి కనుక ఆయన్ను ఇప్పటికీ ఆపరేటర్ గారనే అంటారు. ఎనిమిదేళ్ళ క్రితం హాల్లో నిచ్చెన మీద నుంచి జారి పడ్డాడు. నడుము కింద స్పర్శ లేదు. చేతులు ఆడతాయి గాని పట్టు తక్కువ. చెంచా పట్టుకోగలడు, పేపరు తిప్పగలడు, తనంతట తాను పక్కకు ఒత్తిగిలలేడు.

ఆస్పత్రి నుంచి పంపేటప్పుడు పెద్ద డాక్టరు గుండీలక్కను పక్కకు పిలిచి ఒకే ఒక్క మాట చెప్పాడట. గంటన్నరకోసారి, మహా అయితే రెండు గంటలకోసారి ఆయన్ను పక్క మార్చాలి. నొప్పి పుడుతోందని ఆ ఒళ్ళు చెప్పదు కనుక మీరే గుర్తుపెట్టుకోవాలి అని. వార్డులో పక్కమంచం మనిషి పడిపోయినందుకు చనిపోలేదు, పడుకుని పడుకుని తుంటి మీద పడిన పుండుతో చనిపోయాడు. అది దంపతులిద్దరూ కళ్ళారా చూశారు.

రాత్రుళ్ళు ఆమె నిద్ర దానంతటదే తెగేది. పగలే కష్టం. సూది చేతిలో ఉన్న మనిషికి గడియారం గోడ మీద బొమ్మతో సమానం. ఈ ఒక్క కాజా, ఇంకొక్క కాజా అనుకుంటూనే పొద్దు వాలిపోతుంది. ఆ కష్టాన్ని తీర్చింది ఇంట్లో ఉన్న స్టీరియో.

అది ఆపరేటర్ గారు పెళ్ళైన ఏడాది ముచ్చటపడి కొన్నది. బరువైన ఆంప్లిఫయరు, క్యాసెట్లు వేసే డెక్కు, రెండు చెక్క స్పీకర్లు. ఆయన మంచాన పడ్డాక తీగ పొడిగించి ఒక స్పీకరు లోపలిగదిలో పెట్టారు. దాంతో పాటలో సగం ఆమెకు, సగం ఆయనకు అయింది. "వయొలిన్లన్నీ నీ వైపే వెళ్ళిపోయాయి, కాసిని ఇటు పంపు," అని ఆయన లోపలినుంచి వేళాకోళం చేసేవాడు. "తబలా మీ దగ్గరుంది కదా, సర్దుకోండి," అని ఆమె అనేది.

క్యాసెట్టు ఒక పక్క నలభై అయిదు నిమిషాలు. అది అయిపోగానే డెక్కు మీట టక్కున పైకి లేచేది, రెండు గదులూ నిశ్శబ్దమయ్యేవి. ఆమె సూదిని చొక్కాకు గుచ్చి లేచేది. మొదటి పక్క అయితే క్యాసెట్టు తిప్పి, లోపలికి వెళ్ళి మడమల కింద దిండు సర్ది వచ్చేది. రెండో పక్క కూడా అయితే ఆయన్ను ఇటునుంచి అటు తిప్పి కొత్త క్యాసెట్టు వేసేది. ఎవరూ నేర్పలేదు, ఇద్దరూ కూర్చుని అనుకున్నదీ కాదు. ఎనిమిదేళ్ళలో ఆయన ఒంటి మీద చిన్న పుండు లేదు. పదిరోజులకోసారి వచ్చే నర్సమ్మ దీన్ని తన పై అధికారులకు కూడా చెప్పుకుంది.

కిందటేడు డెక్కులో బెల్టు సాగిపోయింది. పాట మత్తులో ఉన్నవాడి మాటలా వంకర్లు పోయింది. డెక్కు రెండు క్యాసెట్లను నమిలేసింది కూడా. బాగుచేసేవాడు వచ్చి విప్పి చూసి, ఆంప్లిఫయరుకు ఇంకో తరం ఆయుష్షుందనీ, డెక్కుకు మాత్రం సామాను దొరకదనీ చెప్పి వెళ్ళిపోయాడు.

సంగతి విని గుండీలక్క తమ్ముడు వచ్చాడు. ఇళ్ళకూ దుకాణాలకూ కెమెరాలు బిగించడం అతని పని. అక్క మోకాళ్ళు పట్టుకుని లేవడం చాలాకాలంగా చూస్తున్నాడు. ఉన్న నలభై రెండు క్యాసెట్లనూ సంచిలో వేసుకుని, పాటల్ని కంప్యూటర్లోకి ఎక్కించే మనిషి దగ్గరకు పట్టుకెళ్ళాడు. వారం తర్వాత అరచేతి వెడల్పు ప్లేయరు ఒకటి, వేలి గోరంత పెన్‌డ్రైవ్ ఒకటి తెచ్చాడు. ఆ గోరంత దాంట్లో నలభై రెండు క్యాసెట్లూ ఉన్నాయంటే గుండీలక్క దాన్ని చేతిలో బరువు చూసి, క్యాసెట్ల అరల్లో ఖాళీ అయిన చోటు చూసింది.

అతను టార్చి పట్టుకుని ఆంప్లిఫయరు వెనక్కి దూరాడు. లోపలిగదిలోంచి ఆపరేటర్ గారు దారి చెబుతూనే ఉన్నాడు.

"ఫోనో అని రాసున్నదాని జోలికి పోకు. అది రికార్డుల కోసం, దాంట్లో పెడితే గోల గోల అయిపోతుంది. ఆక్స్ అని ఉంటుంది చూడు. ఎరుపు ఎరుపులో, తెలుపు తెలుపులో."

"బావా, నేను రోజుకి ఇరవై కెమెరాలు బిగిస్తాను."

"అందుకే చెబుతున్నాన్రా. కెమెరాలకి చెవులుండవు."

తీగలు పెట్టాడు, దీపం వెలిగింది, పాట మాత్రం రాలేదు. మళ్ళీ విప్పాడు, మళ్ళీ పెట్టాడు. ముందువైపున్న గుండ్రటి మీట ఇంకా టేపు మీదే ఉందేమో చూడమని లోపలినుంచి మాట వచ్చింది. నిజమే. దాన్ని ఒక్క మెట్టు తిప్పగానే రెండు గదుల్లోనూ పాట నిండింది. క్యాసెట్టు పాట వెనకాల వినిపించే ఆ బుస లేదు. హాల్లో కొత్త తెర వేసిన రోజు బొమ్మ ఇంత తేటగా ఉండేదని ఆపరేటర్ గారు ఒప్పుకున్నాడు.

వెళ్ళేముందు తమ్ముడు ఇంకో బటన్ నొక్కాడు. ఆకుపచ్చ దీపం వెలిగింది. "ఇక నువ్వు లేవక్కర్లేదక్కా. చివరిదాకా వెళ్ళి మళ్ళీ మొదటికొస్తుంది. ఇది ఆగనే ఆగదు," అన్నాడు. అక్కకు అంత ప్రేమగా తను చీర కూడా ఎప్పుడూ పెట్టి ఉండడు.

నిజంగానే ఆగలేదు. పైగా బళ్ళు తెరిచే రోజులు. దర్జీలు పిల్లల చొక్కాలు కట్టలు కట్టలుగా పంపారు. మునుపటికంటే రోజుకు పది పన్నెండు చొక్కాలు ఎక్కువే తెమిలాయి. అన్నం వేళకు లేచేది, టీ వేళకు లేచేది, లేచినప్పుడల్లా ఆయన్ను తిప్పేది. తిప్పడం మానలేదు. గంటన్నర కాస్తా రెండున్నర అయింది, కొన్ని మధ్యాహ్నాలు నాలుగు గంటలు అయింది. పాట నడుస్తూనే ఉంది కనుక ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

పదిరోజులకు రావలసిన నర్సమ్మ ఏదో పనిమీద మా వీధికి వచ్చి, ఎలాగూ వచ్చాను కదా అని రెండు రోజులు ముందే గడప ఎక్కింది. ఆమెను పైవాడే పంపాడని గుండీలక్క ఇప్పటికీ అంటుంది. కాదనడానికి నాకు నోరు రాదు.

నర్సమ్మ దుప్పటి తీసి, ఎడమ తుంటి ఎముక మీద బొటనవేలితో నొక్కింది. అక్కడ రూపాయంత ఎర్రదనం ఉంది. నొక్కి వదిలితే చర్మం ఒక్క క్షణం తెల్లబడి మళ్ళీ ఎర్రబడాలి. ఇది తెల్లబడలేదు. మూడుసార్లు నొక్కి చూసింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. లోపల కండ దెబ్బతినడం మొదలైంది. చర్మం ఇంకా తెరుచుకోలేదు, అదే అదృష్టం. తెరుచుకుంటే ఆస్పత్రే. ఆయనకు షుగరు ఉంది కనుక మానడానికి నెలలు పట్టొచ్చు, మానకపోనూవచ్చు. వారంపాటు ఎడమవైపు అస్సలు పడుకోబెట్టకూడదు, వెల్లకిలా, కుడివైపు, అదీ వేళ తప్పకుండా.

ఆపరేటర్ గారు పైకప్పు వైపు చూస్తూ పడుకున్నాడు. ఇంట్లో ఏం మారిందని నర్సమ్మ అడిగింది. ఏమీ మారలేదని గుండీలక్క చెప్పింది. అన్నం అదే, పరుపు అదే, మందులు అవే. నర్సమ్మ సంచి సర్దుకుంటూ స్పీకరు వైపు చూసి, "ఈ పాట ఎప్పుడాగుతుందమ్మా?" అంది.

"ఆగదు," అంది గుండీలక్క. అని, చేతిలో తువ్వాలు అలాగే పట్టుకుని మంచం పట్టె మీద కూర్చుండిపోయింది.

నర్సమ్మను గుమ్మందాకా సాగనంపి గుండీలక్క మంచం దగ్గరకు వచ్చింది. ఆయన్ను అడిగింది.

"ఒక్క కేక వెయ్యొచ్చు కదండీ. నాలుగు గంటలైందని మీకు తెలీదా?"

"తెలుసు. పని మీదున్నావు కదా అని ఊరుకున్నా."

"మీరు పాట వింటున్నారు కదా అని నేను ఊరుకున్నా."

తమ్ముడికి ఫోను చేసింది. అతను ఒక క్యాంపు పని మీద ఉన్నాడు, మూడోరోజుకు గాని రాలేనన్నాడు. అప్పటిదాకా సెల్లులో అలారం పెట్టుకోమన్నాడు. పెట్టుకుంది. మొదటిరోజు బాగానే జరిగింది. రెండోరోజు మధ్యాహ్నం అలారం మోగితే, దారం తెగుతుందని వేలితో దాని నోరు మూసి, ఆ ఒక్క కాజా పూర్తి చేసింది. తల ఎత్తేసరికి నలభై నిమిషాలు గడిచాయి. ఆ సంగతి తమ్ముడు వచ్చీ రాగానే దాచకుండా చెప్పేసింది.

అతను పనిముట్ల సంచి భుజానే ఉంచుకుని గడపలో నిలబడ్డాడు. అంతా తన వల్లే వచ్చిందన్నాడు.

"నీ వల్ల కాదురా," అన్నాడు ఆపరేటర్ గారు. "మా ఇద్దరి మర్యాదల వల్ల. లోపలికి రా."

ఇంకాస్త గట్టిగా మోగేది తెస్తానన్నాడు తమ్ముడు. గుండీలక్క వద్దంది. "మోగేదాని నోరు మూస్తే పని జరిగిపోతుందిరా. ఆగిపోయినదాన్ని ఏం చేస్తాం? లేవాల్సిందే," అంది.

అప్పుడు ఆపరేటర్ గారు ఆలోచన చెప్పాడు. సినిమా ఎంత పెద్దదైనా హాలుకు ఒకే ముక్కగా రాదు, రీళ్ళుగా వస్తుంది. పాటల్ని కూడా అలా రీళ్ళు కట్టమన్నాడు. ఒక్కొక్కటి గంటా ఇరవై నిమిషాలు. రీలు అయిపోతే పెట్టె ఆగిపోవాలి, మళ్ళీ మొదటికి పోకూడదు.

రెండు సాయంత్రాలు బావా బావమరుదులిద్దరూ మంచం మీద కంప్యూటరు పెట్టుకుని అదే పని చేశారు. ఏ రీలు చివర ఏ పాట ఉండాలన్న దగ్గర వాదన వచ్చింది. తమ్ముడు ఒక నిదానమైన పాట పెట్టాడు. ఆపరేటర్ గారు తీయించేశాడు. మెల్లగా ఆరిపోయే పాట చివర ఉంటే ఆగిందో ఆగలేదో మీ అక్కకు తెలియదు, బ్యాండు మేళంలా మోగి గోడకు కొట్టినట్టు ఆగేది పెట్టు అన్నాడు. అలాంటివి వెతికి వెతికి పద్దెనిమిది పోగుచేశారు. తీరా వేసి చూస్తే ఒక ఫోల్డరు అయిపోగానే ప్లేయరు పక్క ఫోల్డరులోకి దూకేసింది. "నీ పెట్టెకి ఇంటర్వెల్ తెలీదురా," అని బావ నవ్వాడు. తమ్ముడు సెట్టింగులన్నీ గాలించి ఫోల్డరు చివర ఆగే మార్గం పట్టుకున్నాడు. ఆకుపచ్చ దీపాన్ని తనే ఆర్పేశాడు. తర్వాత ఆంప్లిఫయరునూ ప్లేయరునూ లోపలిగదిలోకి మార్చి, రిమోటు ఆపరేటర్ గారి చేతికిచ్చాడు. తిప్పడం అయ్యాక తరువాతి రీలు ఆయనే నొక్కాలి.

ఆ వారం ఆయన ఎడమవైపు మొహం చూడలేదు. రీలు ఆగిన ప్రతిసారీ గుండీలక్క వచ్చింది. ఒకసారి పొయ్యి మీద పాలు వదిలేసి వచ్చింది. ఒకసారి దర్జీని గుమ్మంలోనే నిలబెట్టి వచ్చింది. ఆ దర్జీ మరుసటిరోజు నుంచి, రీలు నడుస్తోందో లేదో బయటే విని, నడుస్తుంటేనే తలుపు తట్టేవాడు. తట్టకుండా చొక్కాల కట్ట అరుగు మీద పెట్టి వెళ్ళిన రోజులు కూడా ఉన్నాయి.

ఎనిమిదోరోజు నర్సమ్మ వచ్చింది. బొటనవేలితో నొక్కి వదిలింది. చర్మం తెల్లబడింది, నెమ్మదిగా రంగు తిరిగి వచ్చింది. ఇంకోసారి నొక్కి, పుస్తకం తీసి ఎర్రదనం తగ్గిందని రాసుకుంది. ఇక ఎడమవైపు కూడా తిప్పొచ్చు, ముందు అరగంటతో మొదలుపెట్టమంది. గుండీలక్క రెండు చేతులూ జోడించింది. ఆ దండం ఎవరికో సరిగ్గా తెలియక నర్సమ్మ కూడా జోడించింది.

ఇప్పుడు ఆ ఇంట్లో రోజులు రీళ్ళుగా నడుస్తున్నాయి. మొన్న నేను వెళ్ళినప్పుడు ముందుగదిలో నలభై చొక్కాలు మిగిలి ఉన్నాయి, సాయంత్రానికి కావాలట. బ్యాండు మోగి ఠపీమని ఆగింది. ఆమె సూది గుచ్చి లోపలికి వెళ్ళింది. ఆయన్ను కుడికి తిప్పి, మోకాళ్ళ మధ్య దిండు పెట్టి, దుప్పటి మడత సాపు చేసింది. పని అయిపోయినా పాట రాలేదు. రిమోటు ఆయన గుండెల మీదే ఉంది, బొటనవేలు బటన్ మీదే ఉంది.

"నొక్కరేం? అవతల నలభై చొక్కాలున్నాయి."

"పొద్దుట్నుంచి మంచినీళ్ళు తాగావా?"

ఆమె కాసేపు గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. తర్వాత కూజా వంచుకుని, మంచం పట్టె మీద కూర్చుని ఒక గ్లాసు తాగింది. ఆయన మళ్ళీ కూజా వైపు చూశాడు. ఇంకో గ్లాసు కూడా తాగింది. గ్లాసు కింద పెట్టాక ఆయన నొక్కాడు.