మూడేళ్ల ఫైర్ చౌకీ

లక్ష్మీరాజం చెడ్డవాడు కాదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే గుజరాత్‌లోని ఉన్ అనే పేటలో, మా గల్లీలో ఇప్పుడు ఆ మాట అనేవాళ్లు ఎవరూ లేరు.

అక్కడ నాకు టిఫిన్ బండి ఉంది. ఇరవై రెండేళ్లుగా మరమగ్గాల కార్మికులకు ఇడ్లీలు అమ్ముతూ గుజరాతీ చదవడం, రాయడం కూడా నేర్చుకున్నాను. లక్ష్మీరాజం జగిత్యాల వైపు మనిషి. పద్దెనిమిదేళ్లు మగ్గం నడిపి చెవులు సగం పోగొట్టుకున్నాడు. అక్కడ అందరి చెవులూ అంతే. గదికి ఎనిమిదిమంది, నలుగురు పనికి వెళ్తే నలుగురు నిద్రపోతారు. లోపల గడియ పెట్టుకుంటే, పని నుంచి వచ్చినవాడు తలుపు ఎంత బాదినా పడుకున్నవాడికి వినపడదు. తెరిచి ఉంచితే ఫోన్లు పోతాయి. అందుకని పనికి వెళ్లేవాడు బయట తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుపోతాడు. నిద్రపోయే మనుషుల్ని లోపల పెట్టి తాళం వేయడం మాకు వింతేం కాదు.

అలాంటి గదిలో ఒకసారి మంటలు లేచాయి. ఫైరింజన్ వచ్చేసరికి ముప్పావుగంట పట్టింది. లోపల నలుగురూ పోయారు. ఆ తర్వాత ఇంటి పన్ను మీద అగ్నిమాపక సేవల కోసమని కొంత అదనపు పన్ను వేశారు. తాత్కాలికం, మూడేళ్లకే అన్నారు. ఆ డబ్బుతో మా గల్లీ మొదట్లో ఫైర్ చౌకీ అని ఒక రేకుల షెడ్డు, సందుల్లో పట్టే చిన్న ఇంజన్, ఆరుగురు కాంట్రాక్టు మనుషులు వచ్చారు. ఆ ఆరుగురిలో లక్ష్మీరాజం ఒకడు. ఖాకీ చొక్కా వేసుకున్న మొదటిరోజు పని లేకపోయినా నా బండి ముందు నాలుగుసార్లు తిరిగాడు. నేను ఆటపట్టిస్తే సిగ్గుపడ్డాడు.

పని మాత్రం ప్రాణం పెట్టి చేశాడు. షిఫ్టు మారగానే గల్లీ అంతా తిరిగి, ఏ తాళం వెనక ఎంతమంది పడుకున్నారో కనుక్కుని తలుపు మీద సుద్దముక్కతో అంకె వేసేవాడు. ఆ పని చెయ్యమని అతనికి ఎవరూ చెప్పలేదు. రెండో ఏడాది పోశమ్మ గదిలో వైర్లు అంటుకున్నాయి. ఆమె మెస్సులో వంటకు వెళ్తూ, రాత్రంతా పనిచేసి పడుకున్న భర్త గణపతిని లోపల పెట్టి తాళం వేసింది. తలుపు మీద ఒకటి అంకె చూసి లక్ష్మీరాజం తాళం పగలగొట్టి, గణపతిని భుజాన వేసుకొచ్చాడు.

మూడేళ్లు నిండవచ్చాయి. ఈ పన్ను పొడిగించాలనుకుంటున్నాం, అభ్యంతరాలుంటే రాసివ్వండి అని ప్రకటన వేశారు. ఏ వార్డులో అభ్యంతరాలు ఎక్కువైతే అక్కడ పన్ను ఉండదు, చౌకీ కూడా ఉండదు. డబ్బున్న అడాజన్ ఫ్లాట్లవాళ్లు గొణుక్కుంటూనే ఒప్పుకున్నారు. మా దగ్గర లక్ష్మీరాజం డ్యూటీ దిగాక గదిగదికీ తిరిగి, పన్ను ఉంటేనే చౌకీ ఉంటుందని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాడు. అందరూ తలూపారు. మనవాళ్లెవరూ అడ్డం పడరని నా దగ్గర ధీమాగా అన్నాడు.

తీరా చూస్తే మా వార్డులో పొడిగింపు లేదన్నారు. అభ్యంతరాలు వందల్లో వచ్చాయట. లక్ష్మీరాజం నమ్మలేక, చదివి చెప్పడానికి నన్ను వెంటబెట్టుకుని వార్డు ఆఫీసుకు వెళ్లాడు. గుమాస్తా ఆ కాగితాల కట్ట మా ముందు పెట్టాడు. కింద సంతకాలు చేసిన కిరాయిదారులం ఈ పన్ను భారం మోయలేం, దీన్ని తీసేయండి అని పైన గుజరాతీలో రాసి ఉంది. నేను చదివి వినిపించాను. లక్ష్మీరాజానికి గుజరాతీ అక్షరం రాదు. కానీ సంతకాలు చాలావరకు తెలుగులో ఉన్నాయి. అతను చివరి పేజీ నుంచి వెనక్కి తిప్పుతూ ఒక్కో పేరు పైకి చదివాడు. దేవదాస్. గణపతి. పోశమ్మ.

"సిగ్గు లేదక్కా మనోళ్లకు," అన్నాడు. నాకూ ఒళ్లు మండింది.

అలా తిప్పుతూ మొదటి పేజీకి వచ్చాడు. ఒకటో నంబరు ఎదురుగా ఉన్న సంతకం అతనిదే.

గదుల యజమాని మనిషి ఏటా పోలీసు స్టేషన్లో ఇవ్వాల్సిన కిరాయిదారుల కాగితం తెచ్చి సంతకాలు తీసుకుంటాడు. ఎవరూ చదవరు, చదవడం రాదు. ఈసారీ నీళ్లు పట్టే వేళ వచ్చి, పోయినేటి కాగితమే అన్నాడట. నలభై గదుల పన్ను కట్టేది ఆ యజమానే. లక్ష్మీరాజం బిందె కింద పెట్టి, అలవాటు కొద్దీ అందరికన్నా ముందు సంతకం చేశాడు. నా ముందు పెట్టి ఉంటే నేను చదివేదాన్ని. కానీ నేను ఆ గదుల్లో అద్దెకు లేను, నా సంతకం వాళ్లకు అక్కర్లేదు.

"నాదొక్కటి కొట్టెయ్యమను అక్కా," అన్నాడు. నేను గుజరాతీలో బతిమాలాను. గడువు దాటిపోయిందన్నాడు గుమాస్తా. ఫైర్ చౌకీ మనిషే వద్దని రాసిచ్చాక ఇంక మేమేం చేస్తామన్నాడు. ఆ మాట నేను తెలుగులో చెప్పలేదు, కానీ అతనికి అర్థమైంది.

నెలాఖరున ఇంజన్‌ను తీసుకుపోయారు. లక్ష్మీరాజం దూరంగా పల్సానాలో మళ్లీ మగ్గం పనికి మాట్లాడుకున్నాడు. ఆ సాయంత్రం పోశమ్మ నా బండి దగ్గర నిలబడి, మన కొంప ముంచిన ఆ సంతకాలు పెట్టినవాళ్లెవరో అని తిట్టిపోసింది. చుట్టూ పదిమంది ఉన్నారు. లక్ష్మీరాజం ప్లేటు పక్కన పెట్టాడు.

"మొదటి సంతకం నాదే వదినా. అండ్ల ఏమున్నదో సూడకుంట పెట్టిన. నీది గూడ ఉన్నది."

పోశమ్మ మెల్లగా అంది, "నాకు అనుమానమొచ్చి అడిగిన. ఆ కాయితం తెచ్చినోడు నీ సంతకం సూపిచ్చిండు. నువ్వు పెట్టినవంటే మన మంచికే అనుకున్న. మీ అన్నతోని గూడ నేనే పెట్టిచ్చిన."