పోస్టుమన్ అడిగిన పేరు

వనపర్తిలోని ఈ ఆఫీసుకు నేను వచ్చి ఐదు నెలలైంది. ఈ రోజు మధ్యాహ్నం టేబుల్ కింద కూర్చుని, కంప్యూటర్లన్నిటినీ కలిపే స్విచ్ అనే డబ్బాకి కొత్త వైరు బిగిస్తున్నాను. అటెండర్ బాలమ్మ టీ తెచ్చి అక్కడే నిలబడింది.

"ఏది ఎవరికి పంపాల్నో ఈ డబ్బాకు ఎట్ల తెలుస్తది సార్?"

"ఏ కంప్యూటర్ మాట్లాడినా, దాని పేరు, మాట ఏ వైరు నుంచి వచ్చిందో రాసుకుంటది. జరసేపు సప్పుడు చేయకుంటే దాని పేరు కొట్టేస్తది. మల్ల దానికి ఏమన్న వస్తే అందరికీ పంపిస్తది. ఎవరిదైతే వాళ్లు పలుకుతరు, పేరు మల్ల ఎక్కుతది."

"పలకకుంటే?"

నేను చెప్పేలోపే గుమ్మంలోంచి పోస్టుమన్ "రాఘవులు ఎవరు?" అని అడిగాడు. అందరూ తల అడ్డంగా ఊపారు. "గా పేరుతోని ఈడ ఎవ్వరు లేరు," అంది బాలమ్మ. అతను మెట్లు దిగాక గానీ నాకు వెలగలేదు, రాఘవులు నేనేనని. ఇక్కడ అందరికీ నేను కంప్యూటర్ సార్‌ని.

పరుగెత్తి రోడ్డు మీద అతన్ని పట్టుకున్నాను. పాత దోస్తు పెళ్లి పత్రిక. పెళ్లి మొన్ననే అయిపోయింది.

తిరిగొచ్చేసరికి టీ చల్లారింది. "మీ పేరా సార్ అది? మీరన్న పలకాలె గదా," అంది బాలమ్మ.

సాయంత్రం నేనుండే గది తాళం తీస్తూ నా పేరు ఒకసారి పైకే అన్నాను. ఎవరిదో పేరులా వినిపించింది. మిమ్మల్ని ఈ రోజు ఎవరైనా పేరు పెట్టి పిలిచారా?