భూమిని టేబుల్ చేసిన రోజు

డెబ్భైలు అయిపోవస్తున్న ఆ కాలంలో, ఏదైనా ఒక దేశానికి రాజ్యాంగం రాసిపెట్టమంటే మాకు పెద్ద పనిగా అనిపించేది కాదు. వయసు అలాంటిది. ఇప్పుడు మా కాలనీలో కుక్కల్ని ఎక్కడ తిప్పాలో తేలక మీటింగుల మీద మీటింగులు పెట్టుకుంటుంటే (అధ్యక్షుణ్ణి నేనే లెండి) మధ్యలో నాకు నవ్వొస్తుంది. అప్పుడు నేను అమెరికా నడిమధ్యన, చుట్టూ మొక్కజొన్న చేలు తప్ప మరేమీ లేని ఒక ఊళ్ళో పొలిటికల్ సైన్స్ చదువుతున్నాను. అందరూ ఇంజినీరింగ్‌కి వస్తే నీకిదేం చదువురా అని, నాతో ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉండే మా బావ వారం వారం దెప్పేవాడు. ఆయనది ఇంజినీరింగే మరి.

ఆ ఏడు లండన్‌లో ఆఫ్రికాలోని రొడీషియా గురించి చర్చలు మొదలయ్యాయి. ఏళ్ళ తరబడి సాగిన యుద్ధం ఆగి, తెల్లవాళ్ళ పెత్తనం పోయి, జింబాబ్వే అనే దేశం నిలబడాలంటే ముందు దానికో రాజ్యాంగం కావాలి. అదే సభను క్లాసులో ఆడించాలని మా ప్రొఫెసర్‌గారికి బుద్ధి పుట్టింది. (మాటకు ముందు ఇత్తడి గంట కొట్టేవారు కాబట్టి చాటుగా గంట మాస్టారు.) నెబ్రాస్కా కుర్రాళ్ళు గెరిల్లాలయ్యారు. పాడిరైతు కూతురొకతె బ్రిటిష్ మంత్రి అయింది. "మీ దేశం రాజ్యాంగం రాసుకుంది కదా, నీకు తెలిసే ఉంటుంది" అని నన్ను అంతర్జాతీయ మధ్యవర్తిని చేశారు. మా రాజ్యాంగం రాసేనాటికి నేనింకా పుట్టనే లేదని చెప్పడానికి నాకు మనసొప్పలేదు. నిజంగా ఆ దేశం నుంచి వచ్చినవాడు క్లాసులో ఒక్కడే ఉన్నాడు. పక్షపాతం వస్తుందని అతన్ని మాత్రం పరిశీలకుడిగా గోడవారన కూర్చోబెట్టారు. పరిశీలకుడు నోరు విప్పకూడదు.

అతను నాకంటే పదేళ్ళు పెద్ద. పేరు పెట్టి పిలవడానికి నోరు రాక అన్నా అంటే, "మా ఊళ్ళోనూ అంతే, ముకోమా అంటాం" అని సంబరపడ్డాడు. అప్పటినుంచి నేను తమ్ముణ్ణి. మొక్కజొన్న పిండితో అతను వండేది అచ్చం మా కడప సంకటే. ఆ సంకటి తింటూనే ఒక సాయంత్రం, "తమ్ముడూ, మిగతావన్నీ మీ ఇష్టం. భూమి ఆర్టికల్ మాత్రం చర్చకు రావాలి. నేను లేవకూడదు, నువ్వు లేవాలి" అన్నాడు. ఆటే కదా అనబోయాను గానీ, అతని ముఖం ఆట ముఖంలా లేదు. నేను అద్దం ముందు నిలబడి రిహార్సల్ చేస్తుంటే బావ సోఫాలోంచి, "మన సింకులో గిన్నెలు యెవురు కడగాల్నో ఇంగా తేల్లేదు, నువ్వు దేశానికి భూములు పంచుతాండావా?" అన్నాడు.

సభ రోజు కోటు తొడుక్కుని లేచాను. "అధ్యక్షా, భూమి ఆర్టికల్‌ని తక్షణం టేబుల్ చేయాలని ప్రతిపాదిస్తున్నాను" అని ఇంగ్లీషులో ఖంగుమనిపించాను. చేతులన్నీ ఒక్కసారిగా లేచాయి. తెల్ల రైతుల తరఫున కూర్చున్నవాళ్ళు అందరికంటే ముందు చేతులెత్తినప్పుడైనా నాకు అనుమానం రావలసింది. రాలేదు. గోడవారన అన్న నియమం మరిచిపోయి చప్పట్లు కొట్టాడు. గంట మోగింది.

"తర్వాతి అంశం, జెండా రంగులు" అన్నారు గంట మాస్టారు.

"సార్, మరి భూమి?"

"టేబుల్ చేశాం కదా."

"అవును సార్, చేశాం. ఇక మాట్లాడదాం."

"టేబుల్ చేశాక మాట్లాడటమేమిటోయ్!"

అసలు సంగతి అప్పుడు బయటపడింది. మన పేపర్లలో సభలో బిల్లు టేబుల్ చేశారంటే చర్చకు పెట్టారని అర్థం. అమెరికాలో టేబుల్ చేయడమంటే ఇప్పుడు మాట్లాడొద్దు, పక్కన పడేయమని. అన్నిట్లోకీ పెద్ద చిక్కుముడి అదే కాబట్టి, గెరిల్లాలైన కుర్రాళ్ళు కూడా పీడా పోయిందని చేతులెత్తారట. నేనూ అన్నా ఇంగ్లీషువాడు నేర్పిన ఇంగ్లీషే చదువుకున్నవాళ్ళం కాబట్టి మా ఇద్దరికీ ఒకటే అర్థం తెలుసు. ఏకగ్రీవంగా నెగ్గినదాన్ని తిరగదోడటానికి రూల్సు ఒప్పుకోవని మాస్టారు తేల్చేశారు. అన్న వైపు చూడటానికి నాకు తల లేవలేదు.

అందరం భోజనానికి వెళ్ళాం. కెఫెటేరియాలో అన్న తన ట్రే తెచ్చి ఆ తెల్ల రైతుల పార్టీ మధ్యలోనే కూర్చున్నాడు. "ఇక్కడ నేను పరిశీలకుణ్ణి కాను కదా?" అని అడిగి, నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టాడు. "మా అమ్మ పుట్టిన పొలంలో ఇప్పుడు వేరేవాళ్ళు పొగాకు వేస్తారు. అమ్మ రోజూ అందులోకి కూలికి వెళుతుంది. ఏ మూల నీళ్ళు నిలుస్తాయో వాళ్ళకి ఇప్పటికీ ఆవిడే చెప్పాలి." మధ్యాహ్నం సభకు ఒక్కరూ వెళ్ళలేదు. వెతుక్కుంటూ వచ్చిన గంట మాస్టారు కూడా కుర్చీ లాక్కుని కూర్చున్నారు. గంట చేతిలోనే ఉంది గానీ కొట్టలేదు.

డిసెంబరులో లండన్‌లో ఒప్పందం కుదిరింది. అన్న పేపరు పట్టుకుని మా ఇంటికొచ్చాడు. రాజ్యాంగం వచ్చింది, ఎన్నికలు వస్తాయి. భూమి మాత్రం అమ్మేవాళ్ళకి ఇష్టమైతేనే కొనాలట, ఆ ఏర్పాటును పదేళ్ళదాకా మార్చకూడదట.

"తమ్ముడూ, వాళ్ళూ టేబుల్ చేశారు" అన్నాడు.

"ఏ అర్థంలో అన్నా?"

"ఇంగ్లీషువాళ్ళే. కానీ అమెరికా అర్థంలో."

ముందు నవ్వింది బావే. తర్వాత అన్నా నవ్వాడు. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

ఎన్నికలకు ముందే అన్న వెళ్ళిపోయాడు. బస్సు ఎక్కుతూ, "రాసేవాళ్ళు ఎవరైనా, ఓటు మా అమ్మ వేస్తుంది. దగ్గరుండి చూడాలి" అన్నాడు. తర్వాత నేను చాలా సభల్లో కూర్చున్నాను, లేవాల్సిన చోట అర్థాలు సరిచూసుకుని మరీ లేచాను. చేతులన్నీ లేచాయి గదా అని, ఎవరో తల్లికి ఆమె పొలం ఇప్పించేసినట్టు ఛాతీ విరుచుకుని నిలబడ్డ ఆ బక్కపలచటి కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వాగదు. కానీ అంత నమ్మకంతో నేను మళ్ళీ ఏ సభలోనూ లేచింది లేదు.